నైట్రోజన్ ఎక్కించిన టైరులో మామూలు గాలి కలపొచ్చా?

పోయిన మే నెలలో బాబాయి కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాం. ఐదుగురం, డిక్కీ నిండా సామాను. సూర్యాపేట దాటాక బంకులో పెట్రోలు కొట్టిస్తుంటే వెనక ఎడమ టైరు కొంచెం కూర్చున్నట్టు కనిపించింది. నా బ్యాగులో ఎప్పుడూ టైరులో గాలి కొలిచే చిన్న గేజ్ ఒకటి ఉంటుంది. పెట్టి చూస్తే 26. ఆ కారుకు ఉండాల్సింది 33. రెండు గంటలకు పైగా పరిగెత్తి వేడెక్కిన టైరులోనే 26 ఉందంటే, చల్లారితే 22కి దిగుతుంది. గాలి మిషను పది అడుగుల దూరంలోనే ఉంది, ఉచితం కూడా.

"బాబాయ్, ఇక్కడే గాలి కొట్టించేద్దాం" అన్నాను.

"వద్దురా. మొన్ననే నాలుగు టైర్లకీ రెండు వందలు పెట్టి నైట్రోజన్ పట్టించాను. అందులో మామూలు గాలి కలిస్తే చెడిపోతుందని చెప్పారు. విజయవాడలో నైట్రోజన్ ఉన్నచోట చూసుకుందాంలే."

బాబాయి నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదు. ఎండాకాలంలో టైరు పేలకూడదనే డబ్బులిచ్చి మరీ నైట్రోజన్ పట్టించాడు. ఆ జాగ్రత్తే ఇప్పుడు మమ్మల్ని గాలి తక్కువున్న టైరు మీద, మండుటెండలో, ఇంకో నూట పాతిక కిలోమీటర్లు తీసుకెళ్లబోతోంది. ఈ నైట్రోజన్ సంగతి విడమరిచి రాయాలని నాకు అక్కడే అనిపించింది.

ముందు బాబాయి భయానికి జవాబు. కలపొచ్చు. ఏమీ కాదు.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. మిగిలిన ఒక్క శాతంలో దాదాపు అంతా ఆర్గాన్. వీటికి తోడు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి కొంత నీటి ఆవిరి. అంటే రోడ్డు పక్క పంక్చర్ షాపులో పాత కంప్రెసరుతో గాలి కొట్టించిన టైరులోనూ ముప్పావు వంతుకు పైగా ఉన్నది నైట్రోజనే. టైరు షాపులోని నైట్రోజన్ మిషను ఆ 78ని 95కో, ఇంకాస్త పైకో తీసుకెళ్తుంది. అది కూడా నైట్రోజన్‌ను కొత్తగా తయారు చేయదు. అదే షాపులోని గాలిని లాగి, ఒత్తి, తేమ తీసి, వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాల గుండానో, ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు రేణువుల గుండానో పంపిస్తుంది. అక్కడ ఆక్సిజన్ చాలావరకు విడిపోతుంది, మిగిలిన నైట్రోజన్ మన టైరులోకి వస్తుంది.

టైరులో ఈ రెండు వాయువులూ కలిస్తే వాటి మధ్య ఏ చర్యా జరగదు. బాబాయి టైరులో ఉన్నది 95 శాతం నైట్రోజన్ అనుకుందాం. చల్లటి టైరులో 22 దగ్గర మొదలుపెట్టి 33 వచ్చేదాకా మామూలు గాలి కొట్టించినా, లెక్క వేస్తే నైట్రోజన్ 91 శాతం ఉంటుంది. నష్టం అంతే. టైరుకూ రిమ్ముకూ వాల్వుకూ ఏమీ కాదు. కావాలంటే తర్వాత తీరిగ్గా మళ్లీ నైట్రోజన్ పట్టించుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. ఆ 78కీ 95కీ ఉన్న తేడా వల్ల మనకు ఒరిగేదేమిటి?

ఒక లాభం నిజంగానే ఉంది. రబ్బరు మన కంటికి గట్టిగా కనిపిస్తుంది కానీ, వాయువుల అణువులు దాని గుండా కొద్దికొద్దిగా బయటకు జారుకుంటూనే ఉంటాయి. మేకు దిగకపోయినా, వాల్వ్ సరిగ్గానే ఉన్నా, నెలలు గడిచేకొద్దీ టైరులో గాలి తగ్గేది ఇందుకే. ట్యూబ్‌లెస్ టైరు లోపల దీన్ని ఆపడానికే బ్యూటైల్ జాతి రబ్బరుతో ప్రత్యేకంగా ఒక పొర వేస్తారు. ఆ పొర గుండా ఆక్సిజన్ కొంత సులువుగా వెళ్లిపోతుంది, నైట్రోజన్ అంత తొందరగా పోదు. కాబట్టి నైట్రోజన్ ఎక్కువున్న టైరు గాలిని ఎక్కువ కాలం నిలుపుకుంటుందని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

ఎంత ఎక్కువ కాలం అన్నదే చూడాలి. అమెరికాలో వినియోగదారుల కోసం వస్తువులను పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2006, 2007 మధ్య ఈ పని చేసింది. 31 రకాల టైర్లు తీసుకుని, ప్రతి రకంలో ఒకదానికి మామూలు గాలి, ఇంకోదానికి 95 శాతం నైట్రోజన్ పట్టించి, అన్నింటిలోనూ 30 పీఎస్‌ఐ పెట్టి, ఏడాది పాటు ఆరుబయట వదిలేసింది. ఏడాది తర్వాత కొలిస్తే గాలి టైర్లలో సగటున 3.5 పీఎస్‌ఐ, నైట్రోజన్ టైర్లలో 2.2 పీఎస్‌ఐ తగ్గాయి. తేడా 1.3. అదీ పన్నెండు నెలల్లో. (పీఎస్‌ఐ అంటే మనం పంక్చర్ షాపులో "ముప్పై మూడు పెట్టన్నా" అంటామే, ఆ పాయింటే.)

ఈ అంకెల్లో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. నైట్రోజన్ టైరులో కూడా 2.2 తగ్గింది. నైట్రోజన్ పట్టించాక ఇక టైర్లు చూసుకోనక్కర్లేదన్న మాట ఇక్కడే తేలిపోతోంది. పైగా ఇవి కదలకుండా పడున్న టైర్ల లెక్కలు. మన కార్లు గుంతల్లో పడతాయి, స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దూకుతాయి, రిమ్ము అంచు వంగుతుంది, వాల్వ్ రబ్బరు ఎండకు బిరుసెక్కుతుంది, మేకులు దిగుతాయి. ఇలాంటి సందుల్లోంచి గాలి పోయేటప్పుడు ఆక్సిజన్, నైట్రోజన్ అన్న తేడా ఉండదు, రెండూ ఒకేలా పోతాయి. రబ్బరులోంచి అణువులు జారే చోటనే నైట్రోజన్ గొప్పదనం.

ఇంకో విశేషం చెప్పాలి. మామూలు గాలి పట్టించిన టైరులోంచి ఎక్కువగా పోయేది ఆక్సిజనే. తగ్గినప్పుడల్లా మళ్లీ గాలి కొట్టిస్తూ పోతే లోపల నైట్రోజన్ వాటా నెమ్మదిగా పెరుగుతుంది. రెండేళ్లుగా క్రమం తప్పకుండా గాలి చూసుకుంటున్నవాళ్ల టైర్లలో పైసా ఖర్చు లేకుండా నైట్రోజన్ 78 శాతం దాటే ఉంటుంది.

మైలేజీ మాట కూడా వినిపిస్తుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలోనూ సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుంది. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు పదిహేను ఇచ్చే కారు 800 లీటర్లు తాగుతుంది. ఏడాదంతా ఒక్కసారి కూడా గాలి చూసుకోకపోతే, నైట్రోజన్ వల్ల మిగిలేది మొత్తం మీద లీటరు పెట్రోలు. నెలకోసారి గాలి చూసుకునేవాళ్లకు అది కూడా ఉండదు, ఎందుకంటే వాళ్ల టైర్లలో గాలి అంతగా తగ్గకముందే మళ్లీ నింపేస్తారు.

ఎక్కించిందంతా నైట్రోజనేనా?

డబ్బులిచ్చేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన భాగం ఇది. చాలాచోట్ల జరిగేదేమిటంటే, కారు ఆగుతుంది, కుర్రాడు వాల్వ్ క్యాప్ తీసి నైట్రోజన్ పైపు పెడతాడు, మిషను టింగుమనగానే తీసేసి నైట్రోజన్‌కు గుర్తుగా ఆకుపచ్చ క్యాప్ బిగిస్తాడు. టైరులో అప్పటికే 28 పాయింట్ల మామూలు గాలి ఉంది, దాని మీద ఐదు పాయింట్లు నైట్రోజన్ వేశాడు. ఇప్పుడు ఆ టైరులో నైట్రోజన్ ఎంత? దాదాపు 80 శాతం. ముందు 78 ఉండేది. ఆకుపచ్చ క్యాప్ వచ్చింది కానీ లోపలున్నది మామూలు గాలే.

సరిగ్గా చేయాలంటే ముందు పాత గాలి మొత్తం తీసేయాలి. అప్పుడైనా టైరు ఖాళీ కాదు, వాల్వ్ పిన్ను తీసి వదిలేసినా బయటున్నంత ఒత్తిడితో గాలి లోపల మిగిలే ఉంటుంది. అక్కడినుంచి 33 దాకా 95 శాతం నైట్రోజన్ నింపితే వచ్చేది సుమారు 90 శాతం. మళ్లీ ఖాళీ చేసి మళ్లీ నింపితే 93కి పైన. మూడోసారి చేస్తే 94 దాటుతుంది. కాబట్టి నైట్రోజన్ పట్టించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. కనీసం రెండుసార్లు గాలి తీసి నింపారా? తీయకుండా పైపైన వేస్తే ఆ డబ్బు దండగే.

వేడి సంగతి

మన దగ్గర నైట్రోజన్ అమ్ముడుపోయేది ముఖ్యంగా ఎండాకాలం భయంతో. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వైపు ఎండలు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో నేషనల్ హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే టైరు పేలుతుందేమోనన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. "నైట్రోజన్ చల్లగా ఉంటుంది సార్, వ్యాకోచించదు" అని చెబితే వెంటనే నమ్మాలనిపిస్తుంది.

ఆ మాట తప్పు. వేడికి గాలి ఎంత వ్యాకోచిస్తుందో నైట్రోజన్ కూడా అంతే వ్యాకోచిస్తుంది. టైరులో ఉండే ఒత్తిడి దగ్గర ఈ రెండు వాయువుల ప్రవర్తనలో తేడా గేజ్‌కు అందనంత తక్కువ. 30 డిగ్రీల దగ్గర 33 పెట్టిన టైరు పరిగెత్తి 60 డిగ్రీలకు వేడెక్కితే లోపల దాదాపు 38 అవుతుంది. గాలి ఉన్నా అంతే, నైట్రోజన్ ఉన్నా అంతే. చల్లదనం అన్న మాట బహుశా ద్రవ నైట్రోజన్ వల్ల వచ్చి ఉంటుంది. అది మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి అంత చల్లగా ఉంటుంది. టైరులో ఉండేది వాయువు, దానికీ దీనికీ సంబంధం లేదు. బరువు తగ్గుతుందన్న మాట కూడా వింటుంటాం. మామూలు కారు టైరులో ఉండే గాలి బరువే నూట పదిహేను గ్రాములు. నైట్రోజన్ మార్చితే అందులో తగ్గేది మూడు నాలుగు గ్రాములు.

అయితే వేడి విషయంలో నైట్రోజన్ వైపు ఒక న్యాయం ఉంది, దాన్ని దాచకూడదు. తేడా తెచ్చేది ఆక్సిజన్ కాదు, నీళ్లు. గాలిని ఒత్తినప్పుడు అందులోని ఆవిరి నీరుగా మారి కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరుతుంది. కోస్తా ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, ఈ నీళ్లు బాగా చేరతాయి. ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంటుంది, రోజూ దాన్ని తిప్పి నీళ్లు వదిలేయాలి. వదలకపోతే ఆ నీళ్లు పైపు గుండా టైరులోకి వస్తాయి. టైరులో మూడు గ్రాముల నీళ్లు, అంటే టీ చెంచాలో సగానికి కాస్త పైన, ఉన్నా చాలు. టైరు 60 డిగ్రీలకు వేడెక్కేసరికి ఆ నీళ్లన్నీ ఆవిరై, మామూలు పెరుగుదల మీద ఇంకో రెండు పాయింట్లకు పైగా ఒత్తిడి పెంచుతాయి. రిమ్ము లోపలి తుప్పుకు కూడా ఈ తేమ కారణమవుతుంది. నైట్రోజన్ మిషను గాలిని ఆరబెట్టే పంపుతుంది కాబట్టి ఈ గొడవ ఉండదు. కార్ల రేసుల్లో పాయింటులో పదో వంతు కోసం తంటాలు పడే జట్లు నైట్రోజన్ వాడేది ముఖ్యంగా ఈ పొడిదనం కోసమే. పొడిగా ఉన్న మామూలు గాలి కూడా వాళ్లకు అదే పని చేసిపెడుతుంది.

గాలి కొట్టించే ముందు పైపు మూతిని అరచేతి మీద ఒక్క క్షణం నొక్కి చూడమని అడగండి. తుంపర పడితే అక్కడ కొట్టించొద్దు. ఇది నేను ప్రతిసారీ చేస్తాను.

మరి టైర్లు ఎండకు ఎందుకు పేలుతున్నాయి? లోపల ఒత్తిడి 33 నుంచి 38కి పెరిగినందుకు కాదు, ఆ మాత్రం పెరుగుదలకు తట్టుకునేలానే టైరును తయారు చేస్తారు. ఎక్కువసార్లు అసలు దోషి గాలి తక్కువగా ఉండటం. గాలి తగ్గిన టైరు తిరిగే ప్రతిసారీ రోడ్డుకు తగిలే చోట దాని పక్క భాగం బాగా వంగుతుంది, మళ్లీ లేస్తుంది. ఒక తీగను అటూ ఇటూ పదేపదే వంచితే వంచిన చోట వేడెక్కుతుంది కదా, ఇక్కడా అంతే. నిమిషానికి కొన్ని వందల సార్లు వంగుతూ రబ్బరు లోపలినుంచే కాగిపోతుంది, పొరల మధ్య అతుకు వదులవుతుంది. దానికి బరువు, వేగం, ఎండకు కాలిన రోడ్డు తోడైతే ఒక్కసారిగా విడిపోతుంది. బయటివాళ్లకు అది ఎక్కువ గాలి వల్ల పేలినట్టే కనిపిస్తుంది. అందుకే ఎండాకాలం వచ్చింది కదా అని మూడు నాలుగు పాయింట్లు తగ్గించి పెట్టించుకునే అలవాటు చూస్తే నాకు భయమేస్తుంది. టైరును కాపాడాలని చేసే ఆ పనే దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది.

విమానాల్లో వాడుతున్నారు కదా?

వాడుతున్నారు, వాడి తీరాలి కూడా. 1986 మార్చి 31న మెక్సికో సిటీ నుంచి బయలుదేరిన మెక్సికానా సంస్థ బోయింగ్ 727 విమానం కొండల్లో కూలి 167 మంది చనిపోయారు. ఒక చక్రం బ్రేకు పట్టేసి విపరీతంగా వేడెక్కింది. ఆ టైరులో నైట్రోజన్‌కు బదులు మామూలు గాలి ఉంది. విమానం పైకి లేచాక చక్రాలు లోపలికి ముడుచుకుని ఉండగా ఆ టైరు పేలి, ఇంధన గొట్టాలు, హైడ్రాలిక్ గొట్టాలు తెగి మంటలు లేచాయి. టైరు లోపలి రబ్బరు మితిమీరి వేడెక్కితే మండే వాయువులు పుడతాయి, వాటికి ఆక్సిజన్ తోడైతే టైరు లోపలే పేలుడు జరుగుతుంది. ఆ మరుసటి ఏడాది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పెద్ద విమానాల బ్రేకులున్న చక్రాల్లో ఆక్సిజన్ ఐదు శాతం దాటకూడదని ఆదేశించింది.

విమానం టైరులో 200 పీఎస్‌ఐ వరకు ఉంటుంది. పైన మైనస్ 50 డిగ్రీల చలిలో గంటలు గడిపి, కిందికి రాగానే గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకి, పక్కనే ఎర్రగా కాగే బ్రేకుల వేడిని భరించాలి. అక్కడ ఆక్సిజన్ ఉండటమే ప్రమాదం, తేమ ఉంటే గడ్డకడుతుంది. మన కారు టైరుకు ఈ బాధల్లో ఏదీ లేదు. విమానాల్లో వాడతారన్నది నిజమే, కానీ కారులోనూ వాడటానికి అది కారణం కాదు.

లారీల విషయంలో మాత్రం నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. లారీ టైరులో 120 పీఎస్‌ఐ దాకా పెడతారు కాబట్టి, కారు టైరుతో పోలిస్తే లోపలి రబ్బరు మీద ఆక్సిజన్ ఒత్తిడి రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది. ఆక్సిజన్ రబ్బరులోకి ఇంకుతూ దాన్ని లోపలినుంచి ముసలిదాన్ని చేస్తుంది. ఒకే టైరుకు రెండుసార్లు, మూడుసార్లు రీట్రెడింగ్ (అరిగిన పై రబ్బరు తీసి కొత్తది అతికించడం) చేయించి నడిపే యజమానికి లోపలి కేసింగ్, అంటే పై రబ్బరు పోగా మిగిలే టైరు ఒళ్లు, ఎక్కువ కాలం బతకడం అంటే చేతికందే డబ్బు. సొంత మిషను పెట్టుకుని, మొదటినుంచీ సరిగ్గా ఖాళీ చేసి నింపే పెద్ద ట్రాన్స్‌పోర్టు వాళ్లకు నైట్రోజన్ లెక్క గిట్టొచ్చు. కారు టైరు ఐదారేళ్లకు మనమే మార్చేస్తాం. ఈలోపు దాన్ని తినేది బయటి ఎండ, రోడ్డు.

ఇక ఇంట్లో కారున్నవాళ్లు ఏం చేయాలంటే, డ్రైవర్ వైపు తలుపు తీసి కింద అంచున అంటించిన కాగితం చూడండి. మీ కారుకు ముందు ఎంత, వెనక ఎంత, నిండా మనుషులెక్కితే ఎంత అని రాసి ఉంటుంది. ఆ అంకె చల్లటి టైరుకు, అంటే రాత్రంతా ఆగి ఉన్న కారుకు. దూరం నడిపి వచ్చాక కొలిస్తే నాలుగైదు ఎక్కువే చూపిస్తుంది, ఎక్కువ ఉంది కదా అని తీయించకండి. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర కొలిచిన టైరుకూ మే మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర కొలిచిన టైరుకూ, నీడలోనే, నాలుగు పాయింట్లకు పైగా తేడా వస్తుంది. నైట్రోజన్ ఏడాదిలో ఆదా చేసే 1.3ని దాని పక్కన పెట్టి చూడండి. నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి, స్టెప్నీతో సహా సొంత గేజ్‌తో కొలుచుకోవాలి. బంకులో గాలి ఉచితంగా ఇవ్వడం డీలర్ దయ కాదు, చమురు కంపెనీల నిబంధన. మిషను పాడైందని చెబితే అడగండి, ఫిర్యాదు పుస్తకంలో రాయండి. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. అవీ చూసుకోండి.

కొత్త టైర్లతో పాటు ఉచితంగా నైట్రోజన్ ఇస్తే సంతోషంగా పట్టించుకోండి, చెడు లేదు. నెలల తరబడి కదలకుండా ఉండే కారుకు కూడా కొంత మేలు. కానీ టైరు తగ్గినట్టు కనిపించినప్పుడు ఏ గాలి దగ్గరుంటే ఆ గాలి కొట్టించాలి, వెంటనే.

సూర్యాపేట బంకులో ఇదంతా ఇంత వివరంగా చెప్పే సమయం లేదు. "బాబాయ్, గాలిలో ముప్పావు వంతు నైట్రోజనే, నా మాట విను" అని మాత్రం అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నాడు. టైరు వేడిగా ఉంది కాబట్టి 37 పెట్టించాం. మర్నాడు పొద్దున విజయవాడలో కొలిస్తే మూడు టైర్లలో 32, 33 ఉన్నాయి, ఆ వెనక టైరులో మాత్రం 27. పంక్చర్ షాపుకు తీసుకెళ్తే, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతూ ఒకచోట ఆపాడు. బుడగలు సన్నగా, ఆగకుండా వస్తున్నాయి. అంగుళం మేకు, ఎన్నాళ్ల నుంచి ఉందో, తల అరిగిపోయి మెరుస్తోంది. స్ట్రిప్ వేసి, అక్కడున్న మామూలు గాలే 33 కొట్టాడు. నా గేజ్ అడిగి తీసుకుని బాబాయే పెట్టి చూసుకున్నాడు.